ఇంజిన్ వేడెక్కడం: ఇంటి దగ్గరే కారణం పట్టుకునే పద్ధతి

వేసవి మధ్యాహ్నం తిరుమల ఘాట్ రోడ్డులో బానెట్ ఎత్తి, పక్కకు తీసి నిలబెట్టిన కారు కనిపించడం కొత్తేమీ కాదు. పిల్లలు చెట్టు నీడన కూర్చుని ఉంటారు. డ్రైవరు నీళ్ళ సీసా పట్టుకుని రేడియేటర్ వైపు చూస్తుంటాడు. ఆ కొండ ఇంజిన్‌తో ఎంత పని చేయిస్తుందో లెక్క కట్టవచ్చు. తిరుపతి ఊరికీ తిరుమలకూ మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామాన్లతో కలిపి 1,500 కిలోలు తూగే కారును అంత ఎత్తుకు చేర్చడానికే దాదాపు కోటి జౌళ్ళ శక్తి కావాలి. పెట్రోల్ ఇంజిన్ తాను కాల్చిన ఇంధనంలో మూడో వంతునే చక్రాలకు పనిగా ఇవ్వగలదు. కాబట్టి కేవలం ఆ ఎక్కుడుకే ఇంచుమించు ఒక లీటరు పెట్రోలు ఖర్చవుతుంది. మిగతా రెండు వంతుల వేడిలో ఒకటి సైలెన్సర్ గుండా పోతుంది, రెండోది ఇంజిన్ గోడల్లోకి దిగుతుంది. ఆ రెండో వంతు వేడి ముప్ఫై లీటర్లకు పైగా చన్నీళ్ళను మరుగు దాకా తీసుకురాగలదు. చిన్న కారు శీతలీకరణ వ్యవస్థలో ఉండేది నాలుగైదు లీటర్ల ద్రవమే. అంటే ఆ కాసిని నీళ్ళు కొండెక్కేలోపు ఇంజిన్ నుంచి రేడియేటర్‌కూ, రేడియేటర్ నుంచి ఇంజిన్‌కూ వందలసార్లు తిరుగుతూ వేడిని మోసుకెళ్ళి గాలిలో పారబోయాలి. ఆ తిరుగుడు ఎక్కడ ఆగినా, మోత ఎక్కడ తగ్గినా బండి వేడెక్కుతుంది.

సిలిండర్‌లో మండే వాయువుల వేడి ఒక్క క్షణం పాటు 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సిలిండర్ హెడ్డు ఎక్కువ కార్లలో అల్యూమినియంతో చేసింది. ఆ లోహం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అయినా హెడ్డు నిలబడుతోందంటే దాని వెనక నీళ్ళు నిరంతరం పారుతుండడమే కారణం. సాధారణంగా ఆ నీళ్ళ వేడి 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. చాలా కార్లలో 115, 120 దాటిందంటే అతివేడి కిందే లెక్క. అప్పుడు హెడ్డు వంకర పోతుంది, హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది. ఇంకా నడిపితే పిస్టన్లు సిలిండర్లను గీరి ఇంజిన్ బోరుకొస్తుంది, లేదా పూర్తిగా పట్టేస్తుంది. వందల రూపాయల్లో పోయే మరమ్మతు వేలల్లోకి, లక్షలోకి వెళ్ళడానికి పది నిమిషాల ప్రయాణం చాలు. ఈ సంగతి బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

మోటారు కారు పుట్టిన నాడే ఈ సమస్యా పుట్టింది. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో నీళ్ళు మరిగి ఆవిరై పోతుండేవి, దారిలో మళ్ళీ పోసుకోవాల్సి వచ్చేది. 1900-01 నాటి 35 గుర్రాల శక్తి మెర్సిడెస్ కారు కోసం విల్హెల్మ్ మేబాక్ తేనెపట్టు ఆకారపు రేడియేటర్ తయారు చేశాడు. అందులో ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఉండేవి. గాలికి తగిలే లోహం ఒక్కసారిగా పెరగడంతో, అంతకు ముందు మోయాల్సిన నీళ్ళలో సగం సరిపోయాయి. ఈనాటి కార్ల ముందు కనిపించే సన్నటి జాలీ ఆ ఆలోచనకు కొనసాగింపే. తర్వాత వచ్చిన రెండు చిన్న భాగాలు, మైనం నింపిన థర్మోస్టాట్ వాల్వు, ఒత్తిడి నిలిపే మూత, వ్యవస్థను పూర్తి చేశాయి.

ఆ మూత గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. దాని మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ముద్రించి ఉంటుంది. వ్యవస్థ లోపల ఎన్ని బార్ల ఒత్తిడి దాకా మూత పట్టి ఉంచుతుందో ఆ అంకె చెబుతుంది. వంటింట్లోని ప్రెషర్ కుక్కర్ ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. సగానికి సగం కూలెంట్ కలిపితే 130కి దగ్గరగా వెళ్ళినా మరగవు. వేడిగా ఉన్న ఇంజిన్ మూత తిప్పడమంటే విజిల్ వేస్తున్న కుక్కర్ మూతను బలవంతంగా లాగడమే. ఒత్తిడి పోయిన మరుక్షణం 115 డిగ్రీల ద్రవం అంతా ఒకేసారి మరిగి, ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతుంది. అందుకే ఇంటి దగ్గర మూత తీసి చేసే ఏ పరీక్ష అయినా ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలవ్వాలి. గంటా గంటన్నర ఆగడం మంచిది, రాత్రంతా నిలిపిన బండి అయితే మరీ మంచిది. ఇంజిన్ ఆపి ఉన్నా ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతటదే తిరగడం కొన్ని కార్లలో మామూలే కాబట్టి రెక్కల దగ్గర వేళ్ళు పెట్టకూడదు.

లోపం పట్టుకోవడంలో మొదటి పనిముట్టు పానా కాదు, ఒక ప్రశ్న: బండి ఎప్పుడు వేడెక్కుతోంది? షెడ్డుకు వెళ్ళగానే "రేడియేటర్ మార్చేద్దాం" అనే మాట వినిపిస్తుంది. అది మార్చాక వాటర్ పంపు, అదీ మార్చాక థర్మోస్టాట్. ఇలా ఒక్కో భాగం కొనుక్కుంటూ పోయి చివరికి పాతిక రూపాయల ఫ్యూజు దగ్గర తేలిన బళ్ళు ఉంటాయి. వేడెక్కే సమయాన్ని సరిగ్గా గమనించిన యజమాని ఆ ఖర్చు సగం తప్పించుకోగలడు.

హైదరాబాద్‌లో అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో నిలబడినప్పుడు డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి లేచి, బండి కదిలి వేగం అందుకోగానే దిగిపోతే అది గాలి సమస్య. కదిలే బండికి ఎదురుగాలే ఫ్యాన్. నిలబడ్డ బండికి ఫ్యాను తప్ప దిక్కు లేదు. కాబట్టి ఫ్యాన్ మోటారు, ఫ్యూజు, రిలే, సెన్సరు ఈ నాలుగింటిలో ఒకటి పని చేయడం లేదు. ఇందుకు భిన్నంగా, ఊళ్ళో హాయిగా ఉండి జాతీయ రహదారి మీద వంద వేగంలో వేడెక్కితే ఫ్యాను నిర్దోషి. అక్కడ నీళ్ళ పారుదల చాలడం లేదు. రేడియేటర్ గొట్టాల్లో పూడిక, అరిగిన పంపు రెక్కలు, లోపలి స్ప్రింగు పోయి వేగంలో నొక్కుకుపోయే కింది హోసు, వీటిని అనుమానించాలి. ఘాట్‌లోనే, అదీ ఏసీ వేసినప్పుడే వేడెక్కితే వ్యవస్థ సగం సామర్థ్యంతో నెట్టుకొస్తోందని అర్థం. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది. దాని వేడి, రెండింటి మధ్య ఇరుక్కున్న దుమ్ము కలిసి మిగిలిన సగాన్నీ తినేస్తాయి. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసిన బండి నాలుగైదు నిమిషాల్లోనే ఎర్ర గీతకు చేరితే మూసుకుపోయిన థర్మోస్టాట్, లోపల గాలి బుడగ, కాలిన హెడ్ గ్యాస్కెట్ ఈ మూడింటిలో ఒకటి. బ్రేకు పట్టేసి చక్రం బరువుగా తిరుగుతున్నా ఇంజిన్ వేడెక్కుతుంది. ప్రయాణం ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా కొద్ది దూరంలో పెట్టి చూస్తే, ఎక్కువ సెగ కొట్టే చక్రం ఆ కథ చెబుతుంది.

తర్వాత చల్లారిన ఇంజిన్ దగ్గర కళ్ళతో చేసే తనిఖీ. రిజర్వ్ డబ్బా మీద కింది గీత, పై గీత ఉంటాయి. ద్రవం వాటి మధ్య ఉండాలి. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండడమూ జరుగుతుంది, మూత రబ్బరు పోతే అంతే. వేడికి వ్యాకోచించి డబ్బాలోకి వెళ్ళిన నీళ్ళను చల్లారాక వెనక్కి పీల్చుకునే చిన్న కవాటం మూత అడుగున ఉంటుంది. ఆ కవాటాన్ని వేలితో మెల్లగా లాగితే స్ప్రింగులా వెనక్కి వెళ్ళాలి. రబ్బరు అంచు మెత్తగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. అనుమానం ఉంటే అదే అంకె ఉన్న కొత్త మూత కొనడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. అంకె పెద్దదైతే మంచిదేమో అని 0.9 స్థానంలో ఎక్కువది బిగిస్తే హోసుల మీద, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు మీద భారం పడుతుంది.

లీకు తడిగానే కనిపించాలని లేదు. వేడి లోహం మీద కారిన కూలెంట్ వెంటనే ఆరిపోయి తెల్లగానో ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో పొరలు కడుతుంది. హోసు క్లిప్పుల దగ్గర, రేడియేటర్ పక్క ట్యాంకుల అతుకు దగ్గర, వాటర్ పంపు కింద ఉండే సన్నటి రంధ్రం దగ్గర ఆ పొర కోసం వెతకాలి. పంపు సీలు పోతే నీళ్ళు బేరింగులోకి వెళ్ళకుండా బయటికి రావాలని ఆ రంధ్రం పెట్టారు. అక్కడ మరక ఉంటే పంపు మార్చే రోజు దగ్గరపడింది. బండి కింద రాత్రి అట్టముక్క పరిచి పొద్దున చూస్తే చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. ముందు సీటు కాళ్ళ దగ్గర తివాచీ జిగురుగా తడిసి, అద్దం లోపల మబ్బు పట్టి, తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ కారుతోంది. ఆ తియ్యదనం ఇథిలీన్ గ్లైకాల్‌ది. అది విషం. కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది, పసిపిల్లల విషయంలోనూ అంతే. ఒలికిన కూలెంట్‌ను అలా వదిలేయకుండా నీళ్ళతో బాగా కడిగి, డబ్బాను పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఫ్యాను పరీక్ష అయిదు నిమిషాల పని. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ నొక్కితే దాదాపు అన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు డబ్బా మూత వెనక ఉండే బొమ్మ చూసి ఫ్యాను ఫ్యూజు తీసి, లోపలి తీగ తెగిందేమో చూడాలి. పక్కనే ఉన్న అదే రకం రిలేను తాత్కాలికంగా మార్చి చూడవచ్చు. ఫ్యాను సాకెట్ ఊడదీసి, సరైన ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే మోటారు తిరిగిందా, మోటారు మంచిదే. తప్పు రిలే, సెన్సరు, వైరింగులో ఉంది. ఏసీ వేస్తే తిరిగి, వేడికి మాత్రం తిరగని ఫ్యాను ఉంటే వేలు సెన్సరు వైపు చూపించాలి.

తెలుగు నేల మీద ఎక్కువగా జరిగే తప్పు థర్మోస్టాట్ దగ్గర. వేడెక్కే బండి షెడ్డుకు వస్తే, "మన ఎండలకు వాల్వు అక్కర్లేదు, తీసేశాం" అని పడేసే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. దీన్ని గట్టిగా కాదనాలి. వాల్వు లేకపోతే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్ గుండానే పోతుంటాయి, ఇంజిన్ పని చేయాల్సిన వేడికి చేరదు. చల్లగా ఉన్న ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచి బురద కడుతుంది, పిస్టన్లు త్వరగా అరుగుతాయి. ఇంకో చిక్కు ఉంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు కింద రెండో బిళ్ళ ఉంటుంది. పై దారి తెరుచుకున్నప్పుడు అది బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. వేడి తగ్గించాలని తీసిన వాల్వే ఘాట్‌లో వేడి పెంచుతుంది.

పైగా థర్మోస్టాట్‌ను పరీక్షించడానికి వంటింటి పొయ్యి చాలు. దాని నడుమ ఉన్న ఇత్తడి గిన్నెలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి, చిన్న కడ్డీని తోసి వాల్వు తెరుస్తుంది. ఎన్ని డిగ్రీలకు తెరవాలో 82, 88 అని దాని మీదే అచ్చు ఉంటుంది. ఊడదీసిన థర్మోస్టాట్ వాల్వు సందులో ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే పొయ్యి మీది వంటగిన్నెలోని నీళ్ళలో వేలాడదీయాలి. అడుగు తగలకూడదు. పక్కన 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటర్ ఉంచాలి. జ్వరం చూసే థర్మామీటర్ 42 దగ్గరే ఆగుతుంది, దాన్ని వేడినీళ్ళలో పెడితే పగులుతుంది. నీళ్ళు కాగుతుంటే మొదట అంచుల్లో చిన్న బుడగలు వస్తాయి. ఎనభై దాటాక వాల్వు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది, దారం జారిపోయి థర్మోస్టాట్ టప్పున గిన్నె అడుగుకు పడుతుంది. ఆ క్షణాన థర్మామీటర్ చూపిన అంకె, వాల్వు మీద అచ్చైన అంకె ఒకదానికొకటి దగ్గరగా ఉంటే వాల్వు మంచిదే. నీళ్ళు తెర్లుతున్నా దారం పట్టుకునే వేలాడుతుంటే దొంగ దొరికినట్టే. ఈ పరీక్షకు వాడిన గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు.

నీళ్ళ పారుదల ఆగిందా, రేడియేటర్ పూడిందా అన్నది వేడి తేడా చెబుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక పై హోసు కాలుతూ, కింది హోసు చల్లగా ఉంటే నీళ్ళు పారడం లేదు. రెండూ దాదాపు ఒకే వేడిలో కాలుతుంటే నీళ్ళు పారుతున్నాయి, గాలి వాటిని చల్లార్చడం లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే రేడియేటర్ ముఖమంతా జల్లెడ పట్టవచ్చు. మధ్యలో చల్లటి మచ్చలు కనిపిస్తే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. మెరిసే లోహం మీద ఆ తుపాకీ తప్పు అంకె చూపుతుంది. హోసు రబ్బరు మీదికో, నల్ల రంగు మీదికో గురిపెట్టాలి.

పూడికకు మన దగ్గర ప్రధాన కారణం బోరు నీళ్ళు. కూలెంట్ దండగ అనుకుని ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోసిన రేడియేటర్ లోపల, వేడినీళ్ళ కెటిల్ అడుగున కట్టే తెల్లటి పెచ్చులాంటిదే కడుతుంది. ఆ పొర వేడిని పోనివ్వదు, సన్న గొట్టాలను మూసేస్తుంది. మామూలు నీళ్ళు కూలెంట్ కంటే ఎక్కువ వేడి మోస్తాయన్న మాట నిజమే. అయినా కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు లేకపోతే అల్యూమినియాన్ని, ఇనుమును తుప్పు తినేస్తుంది, నీళ్ళు తొందరగా మరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ వాడాలి. కూలెంట్ రంగుకు అన్ని కంపెనీలకూ ఒకటే నియమం లేదు. ఆకుపచ్చకు ఆకుపచ్చ కలిపితే సరిపోతుందనుకోకుండా బండి పుస్తకంలో రాసిన రకాన్నే కొనాలి.

హెడ్ గ్యాస్కెట్ పోయిందన్న అనుమానం అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది. కాబట్టి దాన్ని సాక్ష్యాలతో తేల్చుకోవాలి. అది పోతే బయట ఎక్కడా లీకు లేకుండా నీళ్ళు తరుగుతాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే పై హోసు రాయిలా గట్టిపడుతుంది. మూత తీసి ఉంచి చల్లటి ఇంజిన్ నడిపితే రేడియేటర్ నోట్లో బుడగలు ఎడతెగకుండా వస్తాయి. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తుంది. వీటిలో చివరిది ఒక్కటే చూసి కంగారు పడకూడదు. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో తేమ చేరి ఆయిల్ మూత కింద అలాంటి నురగ కడుతుంది. రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలి ద్రవపు పరీక్ష తేలికైంది. పెట్రోల్ బండి నీళ్ళలోకి పొగ చేరుతుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీలం పసుపు అవుతుంది. అలా తేలాక ఇంటి పని అయిపోయినట్టే. హెడ్డు విప్పాలి, లేత్ షాపులో చదును చూడాలి. 0.1 మిల్లీమీటరు వంకర కూడా చాలా హెడ్లకు ఎక్కువే.

ఒక్కోసారి ఇంజిన్ మంచిదే, ముల్లు అబద్ధం చెబుతుంది. కొన్ని చిన్న కార్లలో ముల్లే ఉండదు, చల్లగా ఉంటే నీలి దీపం, వేడెక్కితే ఎర్ర దీపం వెలుగుతాయి. ముల్లున్న కార్లలోనూ చాలావాటిలో అది ఎనభై నుంచి నూటఅయిదు దాకా మధ్యలోనే నిలబడేలా కంపెనీయే అమర్చి ఉంటుంది. అది కదిలేసరికే ఆలస్యమై ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ పరికరం గుచ్చి ఫోన్‌లో చూస్తే అసలు డిగ్రీలు తెలుస్తాయి. పీ0217 కోడ్ వస్తే ఇంజిన్ నిజంగా వేడెక్కింది. పీ0128 వస్తే వాల్వు తెరిచే ఉండిపోయి నీళ్ళు కాగడం లేదు. పీ0117, పీ0118 సెన్సరు తీగల గొడవ. సెన్సరు వేడి పెరిగే కొద్దీ నిరోధం తగ్గే రకం. మల్టీమీటర్‌తో చూస్తే గది వేడిలో రెండు మూడు వేల ఓములు ఉన్నది, ఎనభై డిగ్రీల నీళ్ళలో మూడు వందల దరిదాపులకు పడాలి. ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి: నీళ్ళు బాగా తగ్గిపోతే సెన్సరు గాలిలో ఉండిపోయి ముల్లు కిందికి దిగవచ్చు. వేడి వాసన వస్తూ, హీటర్ నుంచి చల్లగాలి కొడుతుంటే ముల్లును నమ్మకుండా బండి ఆపాలి.

ట్రాక్టర్లు, వరి కోత మిషన్లలో నూటికి ఎక్కువ పాలు తప్పు బయటే ఉంటుంది. గడ్డిపొట్టు, ఊక, దుమ్ము జాలీని దుప్పటిలా కప్పేస్తాయి. కోతల రోజుల్లో పూటకోసారి జాలీ దులపాలి. గాలిని ఫ్యాను వైపు నుంచి ముందుకు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ గన్నును దగ్గరగా పెడితే రేకులు మడతపడి గాలి శాశ్వతంగా ఆగుతుంది. గాలితోనే చల్లారే మోటార్ సైకిళ్ళకు రేడియేటర్ ఉండదు. అక్కడ చూడాల్సినవి సిలిండర్ రెక్కల మధ్య ఎండిన బురద, తగ్గిన ఇంజిన్ ఆయిల్, నిలబెట్టి గంటల తరబడి స్టార్ట్‌లో ఉంచే అలవాటు.

దారిలోనే ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిమీద, పూర్తి వేగంలో పెట్టాలి. అది రెండో చిన్న రేడియేటర్‌గా పని చేస్తుంది. మే నెలలో కష్టమే, అయినా కిటికీలు దించి సురక్షితమైన చోటు దాకా వెళ్ళడానికి ఆ రెండు నిమిషాలు ఓర్చుకోవాలి. అప్పటికే ఎర్ర గీత దాటితే అక్కడే ఆపాలి. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది.

మరమ్మతు అయ్యాక నీళ్ళు నింపడంలోనూ పద్ధతి ఉంది. బండి ముందు భాగం కొంచెం ఎత్తున నిలిపి, హీటర్ వేడిమీద పెట్టి, మూత లేకుండా ఇంజిన్‌ను మెల్లగా నడుపుతూ పోయాలి. లోపలి గాలి బుడబుడమని పైకి వస్తుంది. పై హోసు వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. అప్పుడు మట్టం ఒక్కసారి దిగుతుంది, మళ్ళీ నింపి మూత బిగించాలి. గాలి తీసే స్క్రూ ఉన్న బండి అయితే అది వదులు చేసి, బుడగలు పోయి ధార వచ్చేదాకా చూడాలి. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా రిజర్వ్ డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో చిన్న గీత గీయాలి. మొదటి రోజు కాస్త దిగడం సహజం, మిగిలిన గాలి బయటికి వచ్చి ఉంటుంది. మూడో రోజూ నాలుగో రోజూ ఆ గీత కిందికే దిగుతుంటే లీకు ఇంకా ఉంది, అట్టముక్క మళ్ళీ బండి కింద పరచాలి.